సెట్‌టాప్ బాక్సులో ఇంటర్‌నెట్ ప్రసారాల అమరిక: ఖరీదైన ప్లాను కొనే ముందు ఇంట్లో చూసుకోవలసినవి

రాత్రి ఎనిమిది గంటలకు తెలుగు వార్తలు మొదలవుతాయి. రెండు నిమిషాలు బొమ్మ సక్రమంగానే కనబడుతుంది. మూడవ నిమిషంలో ముఖాలు మసకబారతాయి. ఆపైన బొమ్మ పూర్తిగా ఆగిపోయి, తెర నడుమ ఒక చిన్న చక్రం తిరుగుతూ ఉండిపోతుంది. ఇంటర్‌నెట్ ద్వారా టీవీ చూసే ఇళ్లలో ఈ చక్రాన్ని ఎరుగనివారు అరుదు. అప్పుడు ఇంటివారు ఇంటర్‌నెట్ సంస్థకు ఫోను చేస్తారు. ఇంకా వేగమైన, ఇంకా ఖరీదైన ప్లాను తీసుకొమ్మని అవతలి నుండి సలహా వస్తుంది. నెలనెలా అదనపు సొమ్ము కట్టడం మొదలవుతుంది. చక్రం మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

ఈ వ్యాసం ఆ అదనపు సొమ్ము కట్టే ముందు చదువుకొనడానికి ఉద్దేశించినది. చాలా సందర్భాలలో లోపం వీధిలోని తీగలోనూ ఉండదు, ప్లానులోనూ ఉండదు. గుమ్మం దగ్గరి రౌటరు నుండి లోపలి గదిలోని టీవీ వరకు ఉన్న నాలుగు గజాల దూరంలోనో, పెట్టెలో ఎవరూ తెరచి చూడని ఒకటి రెండు అమరికలలోనో ఉంటుంది. వాటిని సరిచేయడానికి సాంకేతిక విద్య అక్కరలేదు. రిమోటు, ఒక ఫోను, అరగంట ఓపిక చాలు.

బరంపురం తెలుగువారికి ఈ విషయంలో మరొక అక్కర కూడా ఉన్నది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలో భాగం. అంతకు ఎంతో ముందు నుండే ఇక్కడ తెలుగు ఇళ్లు ఉన్నాయి. ఇచ్ఛాపురం దాటితే ఆంధ్రదేశమే అయినా, ఇక్కడి పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లీషు, హిందీ చదువుతారు. తెలుగు ఇంట్లో మాట్లాడతారు గాని, అక్షరాలు చదవలేని పిల్లలు ఎందరో. ఇంట్లో పెద్దవారికి తెలుగు మాట వినిపించే సాధనంగా, పిల్లలకు నలుగురి తెలుగూ చెవిన పడే చోటుగా నేడు మిగిలినవాటిలో ఈ పెట్టె ఒకటి. దానిని సరిగా అమర్చుకొనడం చిన్న పని వలె కనబడినా, చేసుకోదగిన పని.

బొమ్మ వచ్చే రెండు దారులు

కేబులు ద్వారా గాని, డాబా మీది డిష్ ద్వారా గాని వచ్చే ప్రసారం కాలువ నీరు వంటిది. అది అందరి కోసం ఒకేసారి పారుతూ ఉంటుంది. ఎందరు తోడుకున్నా తగ్గదు. ఆ దారికి సెట్‌టాప్ బాక్సు తప్పనిసరి అయినది కేబులు ప్రసారాలను డిజిటలు చేసిన కాలంలో. 2012లో మహానగరాలతో మొదలైన ఆ మార్పుకు చివరి విడత గడువు 2017 మార్చి 31. ఆ తరువాత 2019 ఫిబ్రవరి 1 నుండి, ట్రాయ్ నియమాల ప్రకారం, చందాదారుడు తనకు కావలసిన చానళ్లను విడివిడిగా ఎంచుకొనే వీలు కలిగింది. ఒడిశాలో ఉన్నాము కనుక తెలుగు చానళ్లు ప్యాకేజీలో రావని ఎవరైనా చెబితే, ప్యాకేజీతో నిమిత్తం లేకుండా ఆపరేటరు వద్ద లభ్యమయ్యే తెలుగు చానళ్లను విడిగా కోరవచ్చునని తెలిసి ఉండడం మంచిది.

ఇంటర్‌నెట్ ద్వారా వచ్చే వీడియో పద్ధతి వేరు. ఇక్కడ పెట్టె అడుగుతుంది, దూరాన ఉన్న సర్వరు ఇస్తుంది. ఒక సినిమానో, వార్తా ప్రసారమో కొన్ని సెకన్ల నిడివి గల చిన్న ముక్కలుగా విభజింపబడి ఉంటుంది. ప్రతి ముక్కకూ నాలుగైదు ప్రతులు సిద్ధంగా ఉంటాయి: ఒకటి మసకగా, తేలికగా, మరొకటి కాస్త స్పష్టంగా, కాస్త బరువుగా, చివరిది మిక్కిలి స్పష్టంగా, మిక్కిలి బరువుగా. పెట్టె ఒక్కొక్క ముక్క రావడానికి ఎంత సమయం పట్టినదో కొలుచుకుంటూ, తరువాతి ముక్కను ఏ ప్రతిలో అడగాలో తానే నిర్ణయించుకుంటుంది. ముందుగా వచ్చిన ముక్కలను కొంత నిలవ ఉంచుకుంటుంది. ఆ నిలవ తరిగిపోయి, కొత్త ముక్క ఇంకా రాకపోతే చక్రం తిరుగుతుంది.

ఈ పద్ధతి తెలిస్తే రెండు సంగతులు స్పష్టమవుతాయి. బొమ్మ హఠాత్తుగా మసకబారడం పెట్టె చెడిపోయిందనడానికి గుర్తు కాదు. దారి ఇరుకైనదని గ్రహించి పెట్టె తేలికైన ప్రతికి దిగినదని అర్థం. చక్రం తిరగడమంటే ఆ తేలికైన ప్రతికి సైతం దారి చాలలేదన్నమాట.

ఎంత వేగం కావాలి

మన దేశంలో బ్రాడ్‌బాండ్ అనే పేరుకు అర్హత పొందడానికి కావలసిన కనీస వేగం 512 కేబీపీఎస్‌గా ఉండేది. 2023 జనవరిలో దానిని 2 ఎంబీపీఎస్‌కు పెంచారు. సాధారణ స్పష్టత గల వీడియోకు ఒకటి నుండి మూడు ఎంబీపీఎస్ సరిపోతుంది. ఫుల్ హెచ్‌డీ వీడియోకు సుమారు 5 ఎంబీపీఎస్, 4కే వీడియోకు సుమారు 15 ఎంబీపీఎస్ కావలసి ఉంటుంది. రెండు టీవీలలో రెండు హెచ్‌డీ కార్యక్రమాలు, ఒక ఫోనులో పిల్లవాడి పాఠం, మరొక ఫోనులో వీడియో కాల్ ఒకేసారి నడిచినా 20 ఎంబీపీఎస్ దాటడం అరుదు. ఇంట్లో 30 లేదా 40 ఎంబీపీఎస్ ప్లాను ఉండి కూడా వార్తలు ఆగిపోతున్నవంటే, దానిని 100కు పెంచడం మూత తీయని బిందెకు మరొక కుళాయి పెట్టడమే.

వేగం వేరు, డేటా పరిమితి వేరు. రెండింటినీ ఒకటిగా భావించి మోసపోయేవారు ఉన్నారు. 5 ఎంబీపీఎస్ చొప్పున ఒక గంట వీడియో చూస్తే ఖర్చయ్యేది సుమారు 2.25 జీబీ. రోజుకు నాలుగు గంటలు చూసే ఇంటికి నెలకు 270 జీబీ అవుతుంది. ఫైబరు కనెక్షన్లలో కూడా కొన్ని ప్లాన్లకు నెలవారీ పరిమితి ఉంటుంది. అది దాటిన తరువాత వేగాన్ని బాగా తగ్గిస్తారు. నెల మొదటి వారాలలో బాగా నడిచి, చివరి వారంలో మాత్రమే చక్రం తిరుగుతున్నదంటే ముందుగా అనుమానించవలసినది ఈ పరిమితినే.

ఫోను హాట్‌స్పాట్ ద్వారా టీవీ చూసే ఇళ్లలో ఈ లెక్క ఇంకా ముఖ్యం. రోజుకు 1.5 జీబీ ఇచ్చే రీచార్జితో హెచ్‌డీ వీడియో నలభై నిమిషాలు మాత్రమే చూడగలం. అదే వీడియోను 1 ఎంబీపీఎస్ స్పష్టతకు తగ్గించుకుంటే మూడు గంటల ఇరవై నిమిషాలు వస్తుంది. ముప్పై రెండు అంగుళాల పాత టీవీలో ఈ రెండింటి మధ్య తేడా మంచం మీద కూర్చున్న అమ్మమ్మ గారికి పెద్దగా తెలియదు. కాబట్టి ప్రతి యాప్‌లోనూ ప్లేబ్యాక్ లేదా డేటా వినియోగం అనే శీర్షిక క్రింద ఉండే స్పష్టత అమరికను ఒకసారి తెరచి, ‘ఆటో’ అని ఉన్నచోట అవసరాన్ని బట్టి మధ్యస్థానికి మార్చుకొనవచ్చును. టీవీ తెర 4కే కానప్పుడు 4కే ప్రతిని తెప్పించుకొనడం వలన వచ్చే లాభం దాదాపు ఏమీ లేదు.

లోపం ఎక్కడ ఉన్నది

దీనికి మూడు కొలతలు తీసుకోవాలి. ఫోనులో వేగాన్ని కొలిచే యాప్ ఏదైనా పనికివస్తుంది. మొదటి కొలత రౌటరు పక్కనే నిలబడి తీయాలి. రెండవది అదే ఫోనుతో, అదే వైఫై మీద, టీవీ పక్కన నిలబడి తీయాలి. మూడవది పెట్టెలోనే తీయాలి. చాలా పెట్టెలలో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో గాని, వీడియో యాప్‌ల సహాయ విభాగంలో గాని ఈ పరీక్ష ఉంటుంది. కొలతలు పగలు ఒకసారి, రాత్రి ఎనిమిదీ తొమ్మిదీ మధ్య ఒకసారి తీసి, సమయంతో సహా ఒక కాగితం మీద వ్రాసుకోవడం ఉత్తమం.

మొదటి కొలతే తక్కువగా ఉంటే లోపం సంస్థది. అప్పుడు ఫిర్యాదు చేయడం న్యాయం. వ్రాసుకున్న కాగితం అక్కడ ఉపయోగపడుతుంది. ఫిర్యాదు నమోదైన తరువాత ఇచ్చే సంఖ్యను తప్పక అడిగి తీసుకోవాలి. పరిష్కారం తృప్తికరంగా లేకపోతే అదే సంస్థలోని అప్పిలేటు అధికారికి అప్పీలు చేసుకొనే హక్కు చందాదారునికి ఉన్నది. అప్పుడు ఈ సంఖ్య లేకపోతే పని సాగదు.

మొదటిది బాగుండి రెండవది పడిపోతే లోపం వైఫైది. మన నగరంలో ఎక్కువ ఇళ్లకు వర్తించేది ఇదేనని నా అభిప్రాయం. దానికి కారణం ఇళ్ల కట్టడంలోనే ఉన్నది. నేతగాళ్ల వీధుల పాత ఇళ్లను గుర్తుకు తెచ్చుకొనండి. వీధి వైపు ముఖం సన్నగా, లోపలికి పొడవుగా, గది వెనుక గదిగా సాగిపోతాయి. ఫైబరు తీగ వీధి గుమ్మం దగ్గర లోపలికి వస్తుంది. తీగ వేసినవారు తమకు అనువుగా అక్కడే ఒక మేకు కొట్టి రౌటరు తగిలించి వెళ్లిపోతారు. టీవీ మూడవ గదిలో ఉంటుంది. నడుమ రెండు మందపాటి గోడలు, ఒక ఇనుప బీరువా. వైఫై తరంగాలకు గోడ కంటె ఇనుము పెద్ద అడ్డంకి. టీవీ వెనుక ఇరికించిన పెట్టెకు టీవీ కూడా ఒక అడ్డమే. కనుక మొదట చేయవలసిన పని ఖర్చు లేనిది: పెట్టెను టీవీ వెనుక నుండి తీసి పక్కన కనబడేలా ఉంచడం, రౌటరును వీలైనంత ఎత్తున, ఇంటి నడిమికి దగ్గరగా మార్పించడం.

రౌటర్లు సాధారణంగా రెండు తరంగ శ్రేణులలో పనిచేస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ శ్రేణి దూరం పోతుంది, గోడలను కొంత దాటుతుంది, కాని వేగం తక్కువ. పైగా గోడకు గోడ ఆనుకొని ఉన్న వీధులలో పక్కింటి రౌటర్లన్నీ అదే శ్రేణిలో గుమిగూడి ఉంటాయి. ఇంట్లో మైక్రోవేవ్ ఓవెన్ నడిచినంతసేపూ కూడా ఈ శ్రేణికి అంతరాయం కలుగవచ్చును. 5 గిగాహెర్ట్జ్ శ్రేణి వేగమైనది, రద్దీ తక్కువ, కాని గోడలను దాటడంలో బలహీనం. పెట్టె రౌటరు ఉన్న గదిలోనో, ఒక్క గోడ అవతలనో ఉంటే రెండవదానిని ఎంచుకోవాలి. పెట్టెలో ‘సెట్టింగ్స్’ తెరచి, ‘నెట్‌వర్క్’ లేదా ‘నెట్‌వర్క్ అండ్ ఇంటర్‌నెట్’ అనే చోటికి వెళితే అందుబాటులో ఉన్న వైఫై పేర్లు కనబడతాయి. ఇంటి రౌటరు పేరు రెండు మార్లు కనబడి, ఒకదాని చివర ‘5జీ’ అని ఉంటే అదే 5 గిగాహెర్ట్జ్ శ్రేణి. దీనికీ ఫోనులోని 5జీకీ సంబంధం లేదు. 2.4 శ్రేణిలోనే ఉండక తప్పనివారు రౌటరు అమరికలలో చానలును 1, 6, 11 అనే మూడింటిలో రద్దీ లేనిదానికి మార్పించుకొనవచ్చును. ఆ మూడు ఒకదానితో ఒకటి కలిసిపోవు.

రిపీటరు అనే సాధనాన్ని కొని టీవీ పక్కన పెట్టుకొనే పొరపాటు తరచు జరుగుతున్నది. రిపీటరు తనకు అందినదానినే మళ్లీ పంపుతుంది. టీవీ దగ్గర అందుతున్నది బలహీనమైన సంకేతమైతే, దానినే గట్టిగా వినిపిస్తుంది. దానిని రౌటరుకూ టీవీకీ నడుమ, సంకేతం ఇంకా బాగున్న చోట పెట్టాలి.

ఇవేవీ కుదరనిచోట తీగకు మించిన మందు లేదు. పెట్టె వెనుక చతురస్రాకారపు లాన్ రంధ్రం ఉంటే, రౌటరు నుండి ఒక ఈథర్‌నెట్ తీగను గోడ వెంట, దూలం క్రింద నుండి తీసుకొని వచ్చి అందులో పెట్టవచ్చును. ఇటువంటి తీగ వంద మీటర్ల వరకు పనిచేస్తుంది. ఎంత పొడవైన ఇంటికైనా అది ఎక్కువే. చాలా పెట్టెలలో ఆ రంధ్రం వేగం 100 ఎంబీపీఎస్‌కు పరిమితమై ఉంటుంది. వీడియోకు అది పుష్కలం. తీగ పెట్టగానే పెట్టె సాధారణంగా తనంతట తానే వైఫైని విడిచి తీగను అందుకొంటుంది. ఇల్లు చూడ ముచ్చటగా ఉండదని తీగను వద్దనేవారికి చెప్పగలిగినది లేదు.

మొదటి రెండు కొలతలు బాగుండి, మూడవది మాత్రమే తక్కువగా ఉంటే లోపం పెట్టెలో ఉన్నట్లు. యాప్‌లతో నిండిపోయిన పెట్టె నెమ్మదిస్తుంది. వాడని యాప్‌లను తొలగించి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉంటే చేసుకోవాలి. కొలతలు మూడూ బాగుండి కూడా ఒక యాప్‌లో మాత్రం ఎన్నడూ హెచ్‌డీ రాకపోతే కారణం వేరు. వీడియో సంస్థలు తమ స్పష్టమైన ప్రతులను నకలు తీయకుండా రక్షించే ధ్రువీకరణ ఉన్న పెట్టెలకే పంపుతాయి. ఆ ధ్రువీకరణ లేని చవక పెట్టెకు ఎంత వేగం ఇచ్చినా మసక ప్రతే వస్తుంది. అది కొనేటప్పుడు చూసుకోవలసిన సంగతి. తరువాత దిద్దుకొనేది కాదు.

చిరునామాల గురించి ఒక్క మాట. నెట్‌వర్క్ అమరికలలో ఐపీ, గేట్‌వే, డీఎన్‌ఎస్ అనే సంఖ్యల వరుసలు కనబడతాయి. వీటిని ఆటోమేటిక్‌గా వదిలివేయడమే మంచిది. వెనుక ఎవరైనా వాటిని చేతితో నింపి ఉంటే, రౌటరు మార్చిన నాటి నుండి పెట్టెకు ఇంటర్‌నెట్ అందకుండా పోతుంది. పాత ఇంటి చిరునామాకే ఉత్తరాలు పోతున్నట్లు ఉంటుంది ఆ స్థితి. ‘ఫర్‌గెట్ నెట్‌వర్క్’ అనేదానిని నొక్కి, పాస్‌వర్డు మళ్లీ కొడితే చాలావరకు సరిపోతుంది. పాస్‌వర్డులో ఇంగ్లీషు పెద్ద అక్షరాలకూ చిన్న అక్షరాలకూ తేడా ఉంటుందన్నది మరువరాదు.

గడియారం సంగతి

ఎవరూ అనుమానించని అమరిక ఒకటున్నది. కరెంటు చాలాసేపు పోయి వచ్చిన తరువాత వైఫై కలిసినట్లే చూపుతుంది, అయినా ఏ యాప్ తెరుచుకోదు. ‘కనెక్టెడ్, నో ఇంటర్‌నెట్’ అనో, మరేదో లోపమనో చూపిస్తుంది. ఇంటివారు రౌటరును నాలుగు మార్లు ఆపి వేస్తారు. ఫలితం ఉండదు. అటువంటప్పుడు పెట్టెలోని తేదీని ఒకసారి చూడాలి. చాలా పెట్టెలలో గడియారాన్ని నడిపే బ్యాటరీ ఉండదు. కరెంటు పోగానే కాలం కూడా పోతుంది. తిరిగి వెలిగిన పెట్టె ఏ ఏడెనిమిదేళ్ల క్రిందటి తేదీనో నమ్ముకొని కూర్చుంటుంది.

తేదీ తప్పితే వీడియో ఎందుకు ఆగాలి అన్న ప్రశ్నకు సమాధానం ఇది. పెట్టె ఒక సర్వరుతో మాట్లాడే ముందు, అది నిజమైన సర్వరేనా అని పరీక్షించుకొనడానికి దాని డిజిటలు ధ్రువపత్రాన్ని చూస్తుంది. ప్రతి ధ్రువపత్రానికీ ఫలానా తేదీ నుండి ఫలానా తేదీ వరకు చెల్లుతుందని గడువు ఉంటుంది. పెట్టె దృష్టిలో నేటి తేదీ ఎనిమిదేళ్ల క్రిందటిదైతే, ఆ ధ్రువపత్రం ఇంకా పుట్టనే లేదు. దొంగపత్రమని భావించి పెట్టె సంబంధాన్ని తెంచివేస్తుంది. నిజానికి అది తన విధిని తాను నిర్వర్తిస్తున్నది. ‘డేట్ అండ్ టైమ్’ అనే చోట ‘ఆటోమేటిక్’ లేదా ‘నెట్‌వర్క్ సమయం’ ఎంచుకొని, కాలమండలాన్ని కోల్‌కతాగా, అనగా జీఎంటీకి అయిదున్నర గంటలు ముందుగా, ఉంచుకుంటే ఇబ్బంది తీరుతుంది. అప్పటికీ రాకపోతే తేదీని చేతితో సరిచేసి, పెట్టెను ఒకసారి ఆపి వేయాలి.

భాష

పెట్టె మొత్తానికీ వర్తించే భాష ఒకటి, ప్రతి యాప్‌లో విడిగా ఉండే భాష ఒకటి, ప్రతి కార్యక్రమానికి ఉండే ఆడియో భాష మరొకటి. మూడూ వేర్వేరు చోట్ల మార్చవలసి ఉంటుంది. పెట్టె భాష ‘సిస్టమ్’ లేదా ‘డివైస్ ప్రిఫరెన్సెస్’ అనే శీర్షిక క్రింద దొరుకుతుంది. జాబితాలో తెలుగు ఉంటే ఎంచుకొనవచ్చును. అయితే ఒక హెచ్చరిక. తెలుగు చదవలేని పిల్లలు ఉన్న ఇంట్లో ఈ మార్పు చేస్తే, తరువాత ఏదైనా సరిచేయవలసి వచ్చినప్పుడు వారికి మెనూ అర్థం కాదు. ఇంగ్లీషు చదవలేని పెద్దవారికి ఇంగ్లీషు మెనూ ఎంత ఇబ్బందో ఇది కూడా అంతే. అందుచేత పెట్టె భాషను ఇంట్లో మరమ్మతు చేయగలిగినవారు చదివే భాషలో ఉంచి, యాప్‌లలో పెద్దవారి పేరున ఒక ప్రత్యేక ప్రొఫైలు తెరచి, దానిని తెలుగుకు మార్చడం మేలు.

ఆ ప్రొఫైలు వలన ప్రయోజనం ఇంకొకటి ఉన్నది. వీడియో యాప్‌లు చాలావరకు ప్రొఫైలును బట్టి, అంతకుముందు చూసినవాటిని బట్టి, కార్యక్రమాలను ముందుకు తెస్తాయి. పిల్లలు, పెద్దలు ఒకే ప్రొఫైలులో చూసే ఇంట్లో తెలుగు క్రిందికి, ఇంకా క్రిందికి జారిపోతుంది. తెలుగు అసలు లేదని పెద్దవారు అనుకొంటారు. వేరే ప్రొఫైలులో నాలుగు రోజులు తెలుగు చూస్తే ముంగిట తెలుగే నిలుస్తుంది.

ఆడియో భాష మార్చడానికి కార్యక్రమం నడుస్తుండగా రిమోటులో క్రింది బాణం గాని, మధ్య బొత్తాము గాని నొక్కాలి. ‘ఆడియో’, ‘సబ్‌టైటిల్స్’ అనే మాటలు కనబడతాయి. ఒక సినిమాకు ఐదు భాషల ఆడియో ఉన్నా, ఇంట్లో మొదట వినిపించిన హిందీతోనే చివరి వరకు చూసేవారు ఉన్నారు. వినికిడి తగ్గినవారి కోసం సబ్‌టైటిళ్ల అక్షరాల పరిమాణాన్ని పెంచే వీలు పెట్టె అమరికలలో యాక్సెసిబిలిటీ అనే విభాగంలో ఉంటుంది. తెలుగు మాట వింటూ, క్రింద ఇంగ్లీషు అక్షరాలు చదువుకొనే పిల్లలకు కూడా అది పనికివస్తుంది. తెలుగు బాగా రాని కోడలో, అల్లుడో ఉన్న ఇంటికి సరేసరి.

చందా కట్టలేనివారికి కూడా దారి లేకపోలేదు. ప్రసార భారతి 2024 నవంబరులో ప్రారంభించిన వేవ్స్ యాప్‌లో తెలుగు కార్యక్రమాలు ఉన్నాయి. ఆకాశవాణి కేంద్రాల ప్రసారాలను ఆ సంస్థ యాప్‌లో వినవచ్చును. దూరదర్శన్ వారి ఫ్రీ డిష్‌కు నెలవారీ చందా లేదు, ఇంటర్‌నెట్ అవసరమూ లేదు.

పిన్, కోడ్, అపరిచితుల ఫోన్లు

2021 ఫిబ్రవరిలో వెలువడిన ఐటీ నియమాల ప్రకారం ఇంటర్‌నెట్ వీడియో సంస్థలు తమ కార్యక్రమాలను అందరికీ తగినవి, ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు దాటినవారికి తగినవి, పెద్దలకు మాత్రమే తగినవి అని వర్గీకరించి చూపాలి. పదమూడేళ్ల వర్గం, దానికి పైబడిన వర్గాలకు తల్లిదండ్రులు తాళం వేసుకొనే ఏర్పాటు కల్పించాలి. ఏర్పాటు ఉన్నది గాని, తాళం తనంతట తాను పడదు. ప్రొఫైలు అమరికలలో నాలుగంకెల పిన్ పెట్టుకొనాలి. ఇంట్లో పుట్టిన సంవత్సరం పిన్‌గా పెడితే పిల్లలకు రెండు నిమిషాల పని. కొనుగోళ్లకు వేరే పిన్ ఉంటుంది. దానిని కూడా పెట్టకపోతే, రిమోటు నొక్కుళ్లతోనే చందాలు, అద్దె సినిమాలు బిల్లులో చేరే ప్రమాదమున్నది.

ఇక మోసం. కొత్త యాప్‌ను టీవీలో తెరచినప్పుడు తెర మీద ఒక కోడ్ కనబడుతుంది. దానిని ఫోనులో ఆ సంస్థ సొంత వెబ్‌సైటులో కొట్టమంటుంది. తెర మీద కనబడిన చిరునామాను ఉన్నది ఉన్నట్లు కొట్టకుండా, గూగుల్‌లో వెతికి మొదట కనబడిన పేజీ తెరచేవారు మోసగాళ్ల వలలో పడుతున్నారు. ఆ పేజీలో సహాయ సంఖ్య అని ఒక నంబరు ఉంటుంది. ఫోను చేస్తే, యాక్టివేషనుకు రుసుము కట్టమనో, ఫోను తెరను చూపించే యాప్ ఒకటి దించుకొమ్మనో అడుగుతారు. కోడ్ కొట్టి టీవీని కలపడానికి విడిగా ఏ రుసుమూ ఉండదు. మన ఫోను తెరను చూడవలసిన అవసరం ఏ వీడియో సంస్థకూ లేదు. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయాలి. సైబరు నేరాల ఫిర్యాదుకు దేశమంతటికీ అదే సంఖ్య. ఎంత త్వరగా చేస్తే సొమ్ము ఖాతా మారకుండా ఆపించే అవకాశం అంత ఎక్కువ. ఇంట్లో తిడతారేమో అని రెండు రోజులు దాచిపెట్టే పెద్దవారు ఉన్నారు. వారిని తిట్టకపోవడమే ఆ రెండు రోజులను మిగిల్చే ఉపాయం.

‘జీవితాంతం అన్ని చానళ్లూ ఉచితం’ అని అమ్మే పేరులేని పెట్టెలు మరొక ప్రమాదం. కర్మాగారం నుండే హానికర సాఫ్ట్‌వేరుతో వచ్చిన ఇటువంటి పెట్టెల గురించి అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 2025 జూన్‌లో బహిరంగంగా హెచ్చరించింది. అటువంటి పెట్టె ఇంటి వైఫైలో కూర్చొని, ఇంటివారికి తెలియకుండా ఇతరుల నేరాలకు ఆ కనెక్షన్‌ను వాడుకొనగలదు.

తుఫాను రోజులలో

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను మన పక్కనే గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గంజాం, గజపతి జిల్లాలను ముంచెత్తింది. ఈ నగరంలో ఉండేవారు ఏ సాధనాన్ని అమర్చుకొన్నా అక్టోబరు నెలను దృష్టిలో ఉంచుకొనే అమర్చుకోవాలి. ఇంటర్‌నెట్ వీడియోకు ఇంట్లో కరెంటు, రౌటరుకు కరెంటు, వీధిలో తీగ, సంస్థ కార్యాలయంలో కరెంటు, అన్నీ ఒకేసారి ఉండాలి. ఒక్క స్తంభం కూలితే చాలు. అంతేకాక ప్రత్యక్ష ప్రసారమని కనబడేది కూడా, ముక్కలుగా నిలవ చేసుకొని చూపే కారణాన, సాధారణంగా అర నిమిషమో నిమిషమో ఆలస్యంగా నడుస్తుంది. కాబట్టి హెచ్చరికలకు టీవీనే నమ్ముకొనరాదు. బ్యాటరీ రేడియో ఒకటి, ఛార్జి చేసిన ఫోను ఒకటి సిద్ధంగా ఉండాలి.

పిడుగులు, గాలి మొదలు కాకముందే పెట్టెను స్విచ్చి ఆపడంతో సరిపెట్టక, ప్లగ్గును గోడ నుండి పీకివేయాలి. డిష్ నుండి వచ్చే తీగను, లాన్ తీగను సైతం విప్పాలి. విద్యుత్తు ప్లగ్గు ద్వారానే రావాలని లేదు. ఇనుప డిష్ నుండి దిగే తీగ వెంట కూడా వస్తుంది.

గాలి తగ్గి, కరెంటు వచ్చి స్థిరపడిన తరువాత అన్నింటినీ ఒకేసారి వేయకూడదు. మొదట ఫైబరు పెట్టెను, రౌటరును వేసి, వాటి మీది దీపాలు నిలకడగా వెలిగేవరకు నాలుగైదు నిమిషాలు ఆగాలి. ఆ తరువాతనే సెట్‌టాప్ బాక్సు, చివర టీవీ. రౌటరు కంటె ముందు మేలుకున్న పెట్టెకు సమయం చెప్పేవారు దొరకరు. అప్పుడు వైఫై కలిసి ఉన్నా యాప్‌లు తెరుచుకోకపోతే, ఎవరికీ ఫోను చేసే ముందు పెట్టెలోని తేదీని చూడండి.